ఉగ్గుగిన్నె ఇస్తాను గానీ, నలభై రోజులు ఆగు

అమ్మడూ,

నిన్న రాత్రి నీ మెసేజ్ చూసిన దగ్గర్నుంచి నిద్ర పట్టలేదు. ముందు సంతోషమే. నా కొంగు పట్టుకుని పర్లాకిమిడి బజారంతా తిరిగిన పిల్లవి, ఇప్పుడు నీ కూతురికి అన్నప్రాశన అని రాస్తుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ తర్వాత మొదలైంది టెన్షన్. "వచ్చే వారం మజ్జిగౌరమ్మ గుడిలో పెట్టుకున్నాం, ఆడపిల్ల కాబట్టి ఐదో నెలలోనే చెయ్యాలంటున్నారు, మన ఇంట్లో వెండి ఉగ్గుగిన్నె ఉందట కదా పిన్నీ, ఎవరైనా రాయగడ వస్తుంటే పంపిస్తావా" అన్నావు. గిన్నె ఉంది. ఇప్పుడు పంపను. కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదువు. ఫోన్లో చెబితే నాకు గొంతు పూడుకుపోతుంది, నువ్వు కంగారుపడతావు, అందుకే రాస్తున్నాను.

నువ్వు పంపిన వీడియో నాలుగుసార్లు చూశాను. అల్లుడుగారు చద్దన్నం తింటుంటే పాప ఆయన చేతినే చూస్తోంది, ముద్ద పైకి లేచినప్పుడల్లా నోరు ఆడిస్తోంది. పక్కన మీ అత్తగారు నవ్వుతూ "చూడండి, గుంటకి ఆకలేస్తంది, పెట్టేయండి" అంటున్నారు. ఎంత ముద్దుగా ఉందో. కానీ నేను దాని మెడ చూశాను తల్లీ. ఆయన మోచేతి మీద కూర్చోబెట్టుకున్నారా, ముద్ద వైపు తిరగబోయినప్పుడు తల పక్కకి వాలింది, ఆయన రెండో చెయ్యి అడ్డం పెట్టారు. తర్వాత నడుం దగ్గర మడతపడిపోయి కిందికి జారింది. అది చాలు నాకు. ఇంకా సిద్ధంగా లేదు.

అంగన్‌వాడీలో ఇరవై రెండేళ్లు చేశాను, ఎంతమంది పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని చూశానో లెక్కలేదు. చూడాల్సినవి మూడే. ఆసరా ఇచ్చి కూర్చోబెడితే నడుం నిలవాలి, తల వాలకుండా నిటారుగా ఉండాలి. ఎదురుగా ఉన్న వస్తువుని కంటితో చూసి, చేత్తో పట్టుకుని, తిన్నగా నోటి దగ్గరకి తెచ్చుకోగలగాలి. మూడోది నాలుక. చిన్నపిల్లల నాలుక మీద పాలు తప్ప ఏది పెట్టినా బయటికి నెట్టేస్తుంది, అది దేవుడు పెట్టిన కాపలా. ఆ నెట్టడం పోయి, చెంచా దగ్గరకి రాగానే నోరు తెరిచి, లోపలికి తీసుకుని మింగడం రావాలి. ఈ మూడూ కలిసి కనబడేది మామూలుగా ఆరో నెల నిండే సమయానికే. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి లెక్క వేరు, డాక్టర్ని అడగాలి, మన పాపకి ఆ గొడవ లేదు.

ఇక పిడికిలి చప్పరించడం, చొల్లు కార్చడం, రాత్రిపూట రెండుసార్లు ఎక్కువ లేవడం, మనం తింటుంటే గుడ్లప్పగించి చూడటం, ఇవేవీ అన్నం అడగడం కాదు. ఈ వయసులో మనం చీపురు పట్టుకున్నా అలాగే చూస్తారు. ఎక్కువ లేస్తోందంటే ఎక్కువసార్లు పాలివ్వు. పాప ఎంత తాగితే అంత పాలు పడతాయి.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ అమ్మకి కొంత తెలుసు, నా కూతురికి, అదే మీ అక్కకి, పూర్తిగా తెలియదు.

1987. మీ అక్క అప్పటికి నాలుగు నెలల పది రోజులు. శ్రావణం, వారం రోజులుగా వాన, ఇంట్లో గుడ్డలు ఆరడం లేదు. రాత్రుళ్లు ఏడుస్తోంది, పట్టి పట్టి తాగుతోంది, అయినా గంటకే మళ్లీ లేస్తోంది. ఇంట్లోవాళ్లూ వీధిలోవాళ్లూ అందరిదీ ఒకటే మాట, నీకు పాలు చాలడం లేదమ్మా, పిల్ల ఎండిపోతోంది. నాకు ఇరవై మూడేళ్లు. పాలు చాలడం లేదంటే నేను చాలడం లేదన్నట్టే వినిపించింది. పైగా ఆడపిల్ల, ఐదో నెల, మంచి రోజు ఉంది. అన్నప్రాశన చేసేశాం. మా అత్తగారు తన పెట్టెలోంచి ఈ ఉగ్గుగిన్నె తీసి నా చేతికిచ్చారు.

మర్నాటి నుంచి మెత్తటి అన్నం పలచగా చేసి మొదలుపెట్టాను. వేలితో నాలుక మీద పెడితే బయటికి వచ్చేది. తీసి మళ్లీ పెడితే మళ్లీ వచ్చేది. గడ్డం నిండా అన్నం, నా వేలు నిండా అన్నం, లోపలికి ఏమీ పోలేదు. ఆ చిన్న నాలుక ముందుకొచ్చి నా వేలిని నెట్టడం ఇప్పటికీ వేలి కొస మీద తెలుస్తుంది నాకు. వద్దు అని అంత స్పష్టంగా ఇంకెలా చెబుతుంది పసిది? నేను మాత్రం మొండి చేస్తోందనుకున్నాను. మూడో రోజు కాళ్లు చాపుకుని, కాళ్ల మీద దాన్ని వెల్లకిలా పడుకోబెట్టుకుని, ఉగ్గుగిన్నె ముక్కు దాని నోట్లో పెట్టి వంచేశాను. గుటక పడింది. పొలమారింది, మొహం ఎర్రబడింది, ముక్కులోంచి వచ్చింది. వీపు తట్టి, తుడిచి, మళ్లీ పోశాను. అన్నం కడుపులో పడింది కదా, ఆ రాత్రి నాలుగు గంటలు నిద్రపోయింది, చూశారా పడుకుందని అందరూ మెచ్చుకున్నారు, నేనూ గర్వపడ్డాను. పొద్దున చేసిన జావే సాయంత్రం కూడా పోసేదాన్ని. పాలు తాగడం తగ్గించింది, నాకూ పాలు తగ్గాయి.

తొమ్మిదో రోజు విరేచనాలు పట్టుకున్నాయి. మొదట పళ్లొస్తున్నాయేమో అన్నారు. రెండో రోజు మధ్యాహ్నానికి మాడు మీద చెయ్యి వేస్తే గుంట తగిలింది. ఏడుస్తోంది, కన్నీళ్లు రావడం లేదు. పొద్దున్నుంచి గుడ్డ తడపలేదు. ఊళ్లో డాక్టరు చూసి వెంటనే బరంపురం తీసుకెళ్లండి అన్నాడు. అప్పుడు మనకి ఉన్నది చిన్న రైలు, అది ఎక్కి నౌపడ చేరి, అక్కడ పెద్ద లైను బండి పట్టుకోవాలి. నౌపడ స్టేషన్లో వానలో, చీర కొంగు కింద దాన్ని పెట్టుకుని కూర్చున్న ఆ రెండు గంటలూ అది ఒక్కసారి కూడా ఏడవలేదు. అదే నాకు భయం. ఏడిస్తే బాగుండు అనుకున్నాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఒడియాలో అడిగింది, ఏం పెడుతున్నారు అని. చెప్పాను. ఎలా పెడుతున్నారు అంది. చెప్పలేకపోయాను. సెలైన్ పెట్టారు. తేరుకున్నాక ఒక నర్సు నా పక్కన కూర్చుని, చెంచాతో ఓఆర్‌ఎస్ నీళ్లు కొంచెం కొంచెంగా పట్టడం నేర్పింది. మూడో రోజు పొద్దున గుడ్డ తడిపింది. ఆ తడి గుడ్డ పట్టుకుని నేను ఏడ్చిన ఏడుపు మీ బాబాయి ఇప్పటికీ తలుచుకుంటారు. ఇంటికొచ్చాక ఉగ్గుగిన్నె పెట్టె అడుగున పెట్టేశాను. తర్వాత మీ అన్నయ్యకి కూడా బయటికి తియ్యలేదు.

అందుకే నీ మెసేజ్‌లో ఆ గిన్నె పేరు చూడగానే నాకు చేతులు చల్లబడ్డాయి.

మీ అత్తగారి మీద కోపం పెట్టుకోకు. ఆవిడ కాలంలో డాక్టర్లు చెప్పినదీ దాదాపు అదే. 1991లో నేను చేరినప్పుడు మాకు ట్రైనింగులో నాలుగు నుంచి ఆరు నెలల మధ్య అనే చెప్పారు. 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు మాత్రమే అంది, 2004లో మన దేశంలోనూ మార్గదర్శకాలు అలాగే వచ్చాయి. ఆరు నెలలంటే 180 రోజులు, మంచినీళ్లు కూడా వద్దు. రాయగడ ఎండలకి గొంతు ఎండుతుందని ఎవరో ఒకరు అంటారు, పాలల్లోనే నీళ్లున్నాయి.

నాలిక్కి పాయసం రాసి వదిలేస్తాం పిన్నీ, దానికింత కథా అంటావని తెలుసు. ఆ ఒక్క నాకుడు గురించి కాదు నా భయం. అన్నప్రాశన అయిపోయింది కదా అని మర్నాటి నుంచి ప్రతి వాళ్లూ ఏదో ఒకటి పెడతారు. పక్కింటావిడ బిస్కెట్ పాలల్లో ముంచుతుంది, ఇంకొకరు అరటిపండు, ఇంకొకరు తేనె. తేనె మాత్రం ఏడాది నిండేదాకా ఒక్క చుక్క కూడా తగలనివ్వకు, అందులో ఉండే ఒక రకం క్రిమి పసిపిల్లల కడుపులో పెరిగి నరాలని పడగొడుతుంది. నువ్వేమో ఎవరికీ కాదని చెప్పలేవు, చిన్నప్పటి నుంచీ అంతే, ఇష్టం లేకపోయినా తల ఊపుతావు. పిల్ల విషయంలో అలా కుదరదమ్మా. నువ్వు చెప్పలేకపోతే నా పేరు చెప్పు, మా పిన్ని ఒప్పుకోవడం లేదను.

ఆడపిల్లకి బేసి నెల అంటారు, అంతే కదా? ఐదు ఎంత బేసో ఏడూ అంతే బేసి. పాపకి ఈరోజుకి నాలుగు నెలల పద్దెనిమిది రోజులు. ఇంకో నలభై రెండు, మూడు రోజులాగితే ఆరు నిండి ఏడో నెల పడుతుంది. శాస్త్రం మాటా నిలబడుతుంది, డాక్టరు మాటా నిలబడుతుంది. మీ పంతులుగారిని ఏడో నెలలో రోజు చూడమను. ఇంకోటి, మేనమామ ఒళ్లో కూర్చుని తినాలి, తర్వాత పుస్తకం, పెన్ను, బంగారం ఎదురుగా పెడితే చెయ్యి చాచి పట్టుకోవాలి. కూర్చోలేని పిల్ల, చెయ్యి చాచి అందుకోలేని పిల్ల ఏం పట్టుకుంటుంది చెప్పు? ఆ వేడుక పెట్టినవాళ్లు కూడా కూర్చునే పిల్లనే మనసులో పెట్టుకుని ఉంటారు.

నా భయమంతా తొందరపడటం మీదే ఉంటుంది కాబట్టి రెండో వైపు కూడా గట్టిగా చెబుతున్నాను. ఆరు నిండాక ఆలస్యం చెయ్యకూడదు. పుట్టేటప్పుడు తెచ్చుకున్న ఐరన్ ఆ సమయానికి అయిపోతూ ఉంటుంది, తల్లిపాలల్లో ఉండేది చాలదు. మూఢం వచ్చిందనీ, మైల వచ్చిందనీ, పళ్లు రాలేదనీ తొమ్మిదో నెల దాకా ఆపిన పిల్లల్ని చూశాను, అరచేతులు పాలిపోయి, తూకం అక్కడే ఆగిపోయి ఉండేవాళ్లు. ముహూర్తం దొరక్కపోతే వేడుక తర్వాత చేసుకోండి, అన్నం మాత్రం ఇంట్లో మొదలుపెట్టెయ్యి. పళ్లతో పని లేదు, చిగుళ్లతోనే నలుపుతారు.

పెట్టేటప్పుడు చేతులు సబ్బుతో కడుక్కో, ఎప్పటికప్పుడు వండు, మిగిలింది దాచకు. మొదటి వారం రెండు పూటలా రెండు మూడు చెంచాలు చాలు, తర్వాత మెల్లగా అర కప్పు దాకా, రోజుకి రెండు మూడుసార్లు. తల్లిపాలు రెండేళ్లు దాటేదాకా నడుస్తూనే ఉండాలి.

పలచగా మాత్రం చెయ్యకు. పప్పు తేట, గంజి పోసి బిడ్డకి పెట్టేశామనుకుంటారు, ఆ చిన్న పొట్ట నీళ్లతో నిండిపోతుంది, బలం ఏమీ ఉండదు. చెంచా వంచితే జారిపోకుండా నిలవాలి, అదీ లెక్క. అన్నం, పెసరపప్పు మెత్తగా ఉడికించి, చేత్తో నలిపి, నెయ్యి వెయ్యి. తర్వాత గుమ్మడికాయ, తోటకూర, పూర్తిగా ఉడికించి మెత్తగా చిదిపిన గుడ్డు, ముల్లు తీసిన చేప. గుడ్డూ చేపా ఏడాది దాకా వద్దంటారు, ఆపాల్సిన పని లేదు. ఏడాది లోపు ఉప్పు, పంచదార వద్దు. చోళ్లు (రాగులు) నానబెట్టి, మొలక కట్టి, ఎండబెట్టి పిండి పట్టించుకో. చిక్కటి జావ దించాక, కాస్త వేడి తగ్గినప్పుడు ఆ మొలకల పిండి అర చెంచా కలిపి చూడు, నీ కళ్లెదుటే మెత్తబడి జారుగా అవుతుంది, నీళ్లు పొయ్యక్కర్లేదు. కలిపాక మళ్లీ ఒక్క ఉడుకు రానిచ్చి దించు. అంగన్‌వాడీ దీదీ ఇచ్చే ఛతువా పిండి కూడా వదులుకోకు, ఆంధ్రాలో మన పాతపట్నం వైపు వాళ్లకి బాలామృతం ఇచ్చినట్టే మనకి అది, ఆరు నెలలు నిండాకే. వేరుశనగ గింజలు, ద్రాక్షపళ్లు, గట్టి ముక్కలు మాత్రం చేతికి అందనివ్వకు. కొత్తలో ఓక్ ఓక్ అని ముందుకి తోస్తుంది, శబ్దం వస్తున్నంతసేపు కంగారుపడకు. శబ్దం ఆగిపోయి మొహం రంగు మారితేనే ప్రమాదం.

తల తిప్పేసుకుంటే ఆపెయ్యి. నోరు మూసేస్తే ఆపెయ్యి. మళ్లీ పూటకి తింటుంది. ఈ ఒక్క మాట నా కోసం.

ఈ ఆదివారం రాయగడ వస్తున్నాను, మీ బాబాయి టికెట్ చూస్తున్నారు. మీ అత్తగారితో నేనే కూర్చుని మాట్లాడతాను, పాపని ఒళ్లో పెట్టుకుని ఆ మెడా నడుమూ ఆవిడకే చూపిస్తాను. ఉగ్గుగిన్నె చింతపండుతో తోమాను, తళతళలాడుతోంది. ఏడో నెలలో పాయసం అందులోనే పోసి మజ్జిగౌరమ్మ ముందు పెడదాం. పాపకి పెట్టేది మాత్రం చెంచాతో, మీ తమ్ముడి ఒళ్లో కూర్చోబెట్టి. గిన్నె ముక్కు దాని నోటి దగ్గరకి రాకూడదు.

నువ్వు వేళకి తింటున్నావా? ఫోటోలో బాగా చిక్కిపోయావు. ఉసిరావకాయ, నువ్వులుండలు తెస్తున్నాను, ఇంకేమైనా కావాలంటే శనివారం లోపు చెప్పు.

మీ పిన్ని