పైలట్ 78 పేజీలైంది, ఎక్కడ కోయాలి? – సమాధానం

మీ గంట డ్రామా పైలట్ (సిరీస్ తొలి ఎపిసోడ్ స్క్రిప్టు) 78 పేజీలు వచ్చిందనీ, ఆన్‌లైన్ క్లాసులో టీచరుగారు "30వ పేజీ దాకా కథే మొదలవలేదు" అన్నారనీ రాశారు. ఈ రెండూ ఒకే జబ్బండీ. కొరియర్ అనే ఫాంటులో, 12 పాయింట్ల సైజులో రాస్తే పేజీకి తెర మీద సుమారు నిమిషం లెక్క. అమెరికన్ పద్ధతిలో గంట డ్రామాకి 50-60 పేజీలు చాలు.

డైలాగులు చెక్కుతూ కూర్చుంటే అయిదారు పేజీలు తగ్గుతాయేమో, అంతే. సీన్లే పోవాలి. సీనుకో కార్డు తీసుకోండి. ఎవరికి ఏం కావాలి, అడ్డెవరు, సీను అయ్యేసరికి ఏం మారింది? ఈ మూడూ రాయండి. మూడోదానికి జవాబు లేకపోతే ఆ కార్డు తీసేయండి. మొదటి 30 పేజీల్లోనే ఎక్కువ పోతాయి, ఎందుకంటే అక్కడ సాధారణంగా ఉండేది పాత్రల గతం. అందులో తప్పనిసరైనది ఒక గొడవ మధ్యలో ఒక్క మాటగా రానివ్వండి. మిగతాది తర్వాతి ఎపిసోడ్లకి పనికొస్తుంది, పారేయకండి.

టీజరు, అంటే టైటిల్స్‌కి ముందొచ్చే తొలి ముక్క, 3-5 పేజీల్లో ముగించి, ప్రధాన పాత్రని కుదిపే సంఘటనని 10-12 పేజీల లోపు తెండి. ప్రతి యాక్టూ (ఎపిసోడ్‌లో ఒక్కో పెద్ద భాగం) కొత్త చిక్కుతో ఆగాలి.

ఈసారి క్లాసుకి స్క్రిప్టు పంపకండి, ముందు రెండు పేజీల అవుట్‌లైన్ పంపండి. కథ నిర్మాణంలో తప్పుంటే అక్కడే దొరుకుతుంది.