కూర్చుని చేసినా నాట్యమే, అదీ మన గోదావరి పద్ధతే

అమలాపురం పక్క ఊరి నుంచి వచ్చిన ప్రశ్న ఇది. కమ్యూనిటీ హాల్లో వారానికి రెండు సాయంత్రాలు కూచిపూడి క్లాసు పెడదామనుకుంటున్నారు. పేర్లిచ్చినవాళ్ళలో అరవై దాటిన ఆడవాళ్ళు, వినపడని పిల్లలు ఇద్దరు, డౌన్ సిండ్రోమ్ ఉన్న అమ్మాయి ఒకరు. మోకాళ్ళు వంగనివాళ్ళకి అరమండి (మోకాళ్ళు పక్కలకి వంచి సగం కూర్చునే భంగిమ) ఎలా నేర్పాలి, అది లేకపోతే నాట్యం అవుతుందా అని అడుగుతున్నారు.

అరమండి నేర్పకండి. నాట్యం అవుతుంది.

మన జిల్లాల కలావంతులు, అంటే ఆటపాటలే వృత్తిగా బతికిన ఆడవాళ్ళు, పదాలూ జావళీలూ అనే శృంగార గీతాలకి అభినయం పట్టేటప్పుడు కచేరీలో కూర్చునే పట్టేవారు. పాట తామే పాడుకుంటూ, ఒక్క పల్లవినే ముఖంతో, చేతులతో రకరకాలుగా విప్పేవారు. మురమండ, ముమ్మిడివరం, బళ్ళిపాడు ఊళ్ళ పేర్లు నాట్య చరిత్రలోకి ఎక్కింది ఆ ఆడవాళ్ళ వల్లే. 1947లో మద్రాసు రాష్ట్రం దేవదాసీ చట్టం తెచ్చి గుళ్ళో స్త్రీల నాట్యాన్ని చట్టవిరుద్ధం చేశాక ఆ ఇళ్ళల్లో చాలామంది గజ్జెలు పక్కన పెట్టేశారు. నాట్యగురువు నటరాజ రామకృష్ణ గారు వాళ్ళ దగ్గర నేర్చుకుని ఆంధ్రనాట్యంగా వేదిక మీదికి తెచ్చారు. అటు కృష్ణా జిల్లా కూచిపూడిలో తరతరాలుగా మగవాళ్ళే సత్యభామ వేషం కట్టారు. ఆడపిల్లలకి తలుపు తెరిచిన తొలివాళ్ళలో వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి గారొకరు. అంటే ఈ కళలో ఎవరుండాలి, ఎవరుండకూడదు అన్నది ఎప్పటికప్పుడు మారుతూనే వచ్చింది. మీ క్లాసులో కుర్చీ చూసి ఎవరైనా సంప్రదాయం ఒప్పుకోదంటే, ఏ కాలపు సంప్రదాయమో చెప్పమనండి.

ముందు చోటు సంగతి తేల్చుకోండి, పాఠం తర్వాత. రామాలయం మండపంలో పెడితే పేట (దళితవాడ) నుంచి వచ్చే ఆడవాళ్ళు మొదటి రోజే తగ్గిపోతారు. వాళ్ళలో చాలామంది చర్చికి వెళ్ళేవాళ్ళు. ఎవరూ రావద్దనకపోయినా రారు. పేటలో పెడితే ఊళ్ళోవాళ్ళు ఏదో ఒక వంక చెబుతారు. మీరనుకున్న కమ్యూనిటీ హాలు అందరిదీ అయితే సరే, లేదంటే స్కూలు వరండా, అంగన్‌వాడీ, తుఫాను షెల్టరు లాంటి అందరిదీ అయిన చోటు చూడండి. మొదలు భూమికి నమస్కారంతో చాలు. ధ్యానశ్లోకం పాడాలనుకున్నవాళ్ళు పాడుకుంటారు, మిగతావాళ్ళు చేతులు జోడించి నిలబడతారు. దీన్ని నియమం చెయ్యకండి. అందరికీ నాట్యం అని బోర్డు పెట్టి, గుమ్మంలోనే సగం ఊరిని వదిలేసుకున్న క్లాసులు మన దగ్గర తక్కువేం కాదు.

ఇక కుర్చీలు. షామియానా షాపులో అద్దెకి దొరికే చేతుల ప్లాస్టిక్ కుర్చీ దీనికి పనికిరాదు. మోచేతులు భుజాల ఎత్తుకి చాచాలంటే కుర్చీ చేతులు అడ్డొస్తాయి, నున్నటి గచ్చు మీద కుర్చీ వెనక్కి జారుతుంది. మడత కుర్చీలో వేళ్ళు నలుగుతాయి. స్కూలు బెంచీని గోడకి ఆనించి వేస్తే అన్నిటికన్నా నయం. ఎత్తు 17, 18 అంగుళాలుండాలి. పొట్టివాళ్ళ పాదాలు గాల్లో వేలాడితే కింద పీట వెయ్యండి. పాదం పూర్తిగా ఆనకపోతే తట్టు (పాదంతో నేల మీద వేసే దెబ్బ) పడదు, నడుము కూడా పట్టేస్తుంది. కూర్చున్నవాళ్ళకి తట్టు ఇలా చెప్పాలి: మడమ నేల మీదే ఉంచి ముందు పాదం ఎత్తి చప్పుడయ్యేలా వెయ్యాలి. అది కుదిరాక పాదమంతా రెండంగుళాలు ఎత్తి వెయ్యొచ్చు. అంతకు మించి ఎత్తితే తొడ ఎముక మూలం దగ్గర నొప్పి మొదలవుతుంది, మర్నాడు రారు.

మొత్తం నలభై నిమిషాలు దాటనివ్వకండి. మెడ, భుజాల కదలికలకి అయిదు నిమిషాలు, తాళానికి పది, హస్తాలకి (చేతి ముద్రలకి) పదిహేను, అభినయానికి పది. బీపీ మాత్ర వేసుకునేవాళ్ళ చేత తల గబుక్కున కిందికి వంచి పైకెత్తించొద్దు, కళ్ళు తిరుగుతాయి. తాళం లెక్కపెడుతూ చాలామంది ఊపిరి బిగబడతారు. అందుకే లెక్క మనసులో కాకుండా నోటితో గట్టిగా చెప్పించాలి. షుగరు ఉన్నవాళ్ళు ఖాళీ కడుపుతో రాకూడదని మొదటిరోజే చెప్పండి. నాట్లు వేసి వచ్చిన ఆడవాళ్ళు రోజంతా వంగే ఉంటారు. సార్వా (ఖరీఫ్) నాట్ల రోజుల్లో వాళ్ళకి కాళ్ళ పని అసలు పెట్టొద్దు, నిటారుగా కూర్చుని చేతులు పైకి చాచేవి చాలు.

అభినయ దర్పణం అనే పాత నాట్యగ్రంథంలో అసంయుత హస్తాలు, అంటే ఒంటి చేత్తో పట్టేవి, 28. శ్లోకం వరసలోనే నేర్పాలని పట్టుబట్టేవాళ్ళున్నారు. పిల్లలకి సరే, కీళ్ళు పట్టేసిన వేళ్ళకి ఆ వరస కుదరదు. పతాకం (వేళ్ళు చేర్చి చాచిన అరచెయ్యి), ముష్టి (పిడికిలి), శిఖరం (బొటనవేలు నిలిపిన పిడికిలి), అర్ధచంద్రం (బొటనవేలు దూరంగా చాచిన అరచెయ్యి) ముందు పెట్టండి. తర్వాత వేళ్ళ కొసలు మొగ్గలా చేర్చే ముకుళం, దాన్నుంచే నెమ్మదిగా వేళ్ళు విప్పుతూ విచ్చిన తామరలాంటి అలపద్మం. అలపద్మం ఒక్కసారిగా పట్టమంటే చిటికెన వేలు రాదు, ముకుళం నుంచి విప్పితే ఎంతోకొంత వస్తుంది. కటకాముఖం, కర్తరీముఖం చివరికి ఉంచండి. పక్షవాతం వచ్చి తగ్గినవాళ్ళు మంచి చేత్తో రెండో చేతి వేళ్ళని విప్పుకుంటూ పట్టొచ్చు, అయితే ఫిజియోథెరపీ చూసేవాళ్ళని ముందు అడగాలి. వేలు మడిచాక టక్కున పట్టేసి మళ్ళీ విప్పుకోకపోతే ఆ హస్తాన్ని అక్కడితో వదిలెయ్యండి, బలవంతంగా లాగకూడదు.

తాళానికి మన ఊళ్ళ పేర్లే చాలు. తణుకు అంటే మూడక్షరాలు, తిశ్రం. మండపేట నాలుగు, చతురశ్రం. అమలాపురం అయిదు, ఖండం. రాజమహేంద్రవరం ఏడు, మిశ్రం. అది కూడా రాజమ, హేంద్రవరం అని మూడూ నాలుగుగా విరిగి సరిగ్గా తకిట తకధిమి మీద కూర్చుంటుంది. అక్షరానికి ఒక దెబ్బ, దీర్ఘమైనా హ్రస్వమైనా ఒకే నిడివి. ఇక్కడే తప్పు పడుతుంది: మాటల్లో లాగే ‘మలా’ దగ్గర సాగదీస్తారు, దాంతో అయిదు కాస్తా ఆరవుతుంది. మొదట చప్పట్లతో చెప్పించి, తర్వాత కాలికి మార్చండి. ఆది తాళం ఎనిమిది క్రియలూ వేళ్ళ మీద లెక్కపెట్టడం రెండో నెలలో చెప్పొచ్చు. రెండో కాలానికి, అంటే రెట్టింపు వేగానికి, అసలు తొందరపడకండి.

వినపడని పిల్లల గురించి అడిగారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఇక్కడ అందరూ చేసే పని స్పీకరు సౌండు పెంచడం. దానివల్ల వాళ్ళకి ఒరిగేదేమీ ఉండదు, హియరింగ్ ఎయిడ్ పెట్టుకున్న పిల్లలకి మాత్రం హాలంతా రొద అవుతుంది. వాళ్ళకి లయ అందేది పాదంలోంచి. సిమెంటు గచ్చు అదురుని మోసుకురాదు, చెక్క మోస్తుంది. ప్లైవుడ్ షీటు ఎనిమిది బై నాలుగుది ఒకటి కొనండి, మందం 18 మిల్లీమీటర్లు. 12ది అయితే మధ్యలో వంగుతుంది. మన తేమకి మామూలు రకం ఒక్క వర్షాకాలంలోనే పొరలు విడిపోతుంది, నీటికి తట్టుకునే రకమే అడగండి. కింద అడుగుకొకటి చొప్పున రెండంగుళాల చెక్క రీపర్లు కొట్టించండి. రీపర్ల కింద రబ్బరు పెట్టొద్దు, అదురంతా అదే మింగేస్తుంది. మేకులు వాడితే కొన్నాళ్ళకి తలలు పైకి లేచి పాదాలు కోస్తాయి. స్క్రూలు వాడి, తలలు చెక్కలోకి దిగేలా బిగించాలి.

పిల్లలిద్దరూ, గురువూ అదే చెక్క మీద వట్టి కాళ్ళతో నిలబడాలి. మృదంగం వాయించేవారుంటే ఆయన్నీ ఓ చివర కూర్చోబెట్టండి. కుడివైపు మూత నాదం పాదానికి అందదు, ఎడమవైపు గుమ్ముమనే దెబ్బ అందుతుంది. కాబట్టి సమం (తాళం మొదటి దెబ్బ) దగ్గర ఎడమ దెబ్బ స్పష్టంగా వెయ్యమనాలి. మొదట అరిచేతులు చెక్క మీద ఆనించి వినమనండి, గురువు తట్టిన ప్రతిసారీ వేలెత్తి చూపిస్తారు. అది తప్పకుండా వచ్చాకే లేచి నిలబడటం. గురువు వాళ్ళకి ఎదురుగా ఉండాలి, కిటికీ గురువు వెనక ఉండకూడదు. వెలుతురు వెనకనుంచి వస్తే ముఖం నల్లగా కనిపిస్తుంది, అభినయమూ అందదు, పెదవుల కదలికా అందదు. ఎదురుగా నిలబడి గురువు ఎడమ కాలు వేస్తే పిల్లలు కుడి కాలు వేస్తారు కాబట్టి గురువే తిప్పి చెయ్యడం అలవాటు చేసుకోవాలి. నడక మారబోయే ఒక దెబ్బ ముందు చెయ్యి కిందికి దించడం లాంటి గుర్తు ఒకటి పెట్టుకోండి, అన్ని రోజులూ అదే గుర్తు.

అయినా కొన్ని ఆవర్తాలయ్యాక (తాళం కొన్ని చుట్లు తిరిగాక) ఆ పిల్లలు అర దెబ్బ వెనకబడతారు. దానికి కారణం వినపడకపోవడం అనుకుంటారు. చాలాసార్లు కారణం పక్కవాళ్ళని చూసి వెయ్యడం. చూసి వేస్తే ఎవరికైనా ఆలస్యమే అవుతుంది. వాళ్ళని ముందు వరసకి తెచ్చి, మిగతా పిల్లల్ని వాళ్ళ పాదం చూసి తట్టమనండి. లయ నిలబడటమూ కనిపిస్తుంది, క్లాసులో వాళ్ళ స్థానమూ మారుతుంది.

ఇంకో మాట. హస్తాలంటే సైగల భాషే కదా, వినపడనివాళ్ళకి తేలిగ్గా వచ్చేస్తుందని చాలామంది అంటారు. ఇది పూర్తిగా పొరపాటు. పతాకం ఒక్కదానికే మేఘం, అడవి, నది అని వినియోగాలు బోలెడు, సందర్భాన్ని బట్టి మారతాయి. ఆ పిల్లలు మాట్లాడుకునే సైగల భాషకి దాని వ్యాకరణం దానికుంది. రెండూ కలిపేసి చెబితే పిల్లలు తికమకపడతారు. ‘ఇది నాట్యంలో నది, నువ్వు నదిని ఎలా చెబుతావు?’ అని అడగండి. వాళ్ళ సైగని అందరూ నేర్చుకోండి. మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల భవిత కేంద్రం ఉంటే అక్కడి టీచరు గారిని ఒకసారి పిలవండి.

డౌన్ సిండ్రోమ్ అమ్మాయి విషయంలో ఒక్కటే గట్టిగా చెబుతాను. మెడ కదలికలు నేర్పే ముందు డాక్టరుకి చూపించాలి. ఈ పిల్లల్లో కొందరికి మెడ పైపూసల మధ్య పట్టు వదులుగా ఉంటుంది, గట్టిగా తిప్పినా కుదిపినా వెన్నుపాముకి ప్రమాదం. డాక్టరు సరేననే దాకా గ్రీవాభేదాలు (మెడ కదలికలు), గెంతులు, గిరగిరా తిరిగే భ్రమరులు వద్దు. కీళ్ళు కూడా బాగా వంగుతాయి, అందుకని అరమండి ఎంత బాగా కూర్చుందో అని మురిసిపోయి ఇంకా లోతుకి దింపుతారు. అది చెయ్యకండి, మోకాలు లోపలికి తిరిగిపోతుంది. చప్పుడుకి బెదిరే పిల్లలుంటే గజ్జెల పట్టీ మొత్తం కట్టొద్దు, రిబ్బనుకి అయిదారు మువ్వలు కుట్టి వాళ్ళ చేతికివ్వండి. కావాలనుకున్నప్పుడు వాళ్ళే కట్టుకుంటారు. చూపులేని పిల్లలొస్తే చాప కింద కొబ్బరి పీచు తాడు వరసగా పరిచి టేపు అంటించండి, పాదానికి గీత తెలుస్తుంది. తాడు మన కోనసీమలో ఎక్కడైనా దొరికేదే.

వార్షికోత్సవం పెట్టమని ఒత్తిడి వస్తుంది, మొదటి సంవత్సరం ఒప్పుకోకండి. పెద్దల ప్రసంగాలన్నీ అయ్యి, సన్మానాలయ్యి, రాత్రి పదింటికి ‘ఇప్పుడు మన దివ్యాంగ చిన్నారులు’ అని పిలుస్తారు. అప్పటికి పిల్లలు మేకప్‌తో చెమటలు కక్కుతూ నిద్రకి జోగుతుంటారు. చేసినదానికి జాలిగా చప్పట్లు పడతాయి. ఆ చప్పట్ల వల్ల వాళ్ళకి లయ రాదు, తోటివాళ్ళతో స్నేహమూ రాదు. రికార్డుల కోసం వేలమందిని మైదానంలో ఎండలో నిలబెట్టే కార్యక్రమాలకీ మీ పెద్దవాళ్ళని పంపకండి. ఊరికి చూపించాలనిపిస్తే ఒక ఆదివారం సాయంత్రం క్లాసు తలుపులు తీసి పెట్టండి. వచ్చినవాళ్ళకీ ఒక బెంచీ వేసి తాళం చేత పట్టించండి.

అభినయానికి పాట మాత్రం ఆ పెద్దవాళ్ళనే అడగండి. లాలిపాటలు, దంపుళ్ళ పాటలు, నాట్ల పాటలు, అధ్యాత్మ రామాయణ కీర్తనలు, చర్చి పాటలు వాళ్ళకి నోటికొచ్చి ఉంటాయి. పసిపిల్లని ఉయ్యాల్లో వేసే ఘట్టం ఇచ్చి చూడండి. ఎలా ఊపాలో మీరు చెప్పేలోపే చెయ్యి ఊగుతుంది, చూపు కిందికి దిగుతుంది. హస్తం వెంట చూపు, చూపు వెంట మనసు అని అభినయ దర్పణం చెప్పింది వాళ్ళకి ముందే వచ్చు. అక్కడ గురువు చెయ్యాల్సింది మణికట్టు సరిచెయ్యడం, తాళం తప్పకుండా చూడటం.

వరదల నెలల్లో లంకల (గోదావరి మధ్య దీవుల) నుంచి వచ్చేవాళ్ళకి పంటు (రేవు దాటించే పడవ) ఆగిపోతుంది, మీ హాలు కూడా పునరావాస కేంద్రం కావచ్చు. చెక్కల్ని నిలువుగా గోడకి చేరేసి ఇటుకల మీద ఎత్తి పెట్టండి, తడిసి ఉబ్బితే మళ్ళీ అదురు మొయ్యవు. క్లాసు తిరిగి మొదలయ్యాక మొదటి వారమంతా ఇరవై నిమిషాలే, మొదటి కాలమే, హస్తాల్లో పతాకం నుంచే.