బట్టీ పట్టించకండి, పిల్లని చెప్పనివ్వండి

ప్రశ్న: కొడుకూ కోడలూ చెన్నైలో బిల్డింగు పనికి పోయారు. పదకొండేళ్ల మనవరాలు నా దగ్గరే ఉంటోంది. మా వీధివాడొకడు దానితో తప్పుగా ప్రవర్తిస్తే కేసు పెట్టాం. ఇప్పుడు సాక్ష్యానికి శ్రీకాకుళం రమ్మని సమన్లొచ్చాయి. తప్పు చెబుతుందేమోనని రోజూ రాత్రి అన్నాలయ్యాక వరసగా చెప్పించి బట్టీ పట్టిస్తున్నాను. నిన్న ఏడ్చేసింది. పెద్దమనుషులేమో డబ్బిప్పిస్తాం, రాజీ పడిపొమ్మంటున్నారు. పిల్లని బోనులో వాడి ఎదురుగా నిలబెడతారా బాబూ?
- టెక్కలి దగ్గర పల్లె నుంచి ఒక నాయనమ్మ (పక్కింటి కుర్రాడి చేత రాయించినది)

జవాబు: అమ్మా, ముందు ఆ బట్టీ ఆపేయండి. ఈ రాత్రి నుంచే.

నేను కోర్టులో బెంచి క్లర్కుగా చేసి రిటైరైనవాణ్ణి. ఒకసారి ఒక పిల్లాడు తేదీ, వారం, టైము గడగడా ఒప్పజెప్పేశాడు. ‘ఇవన్నీ నీకు ఎవరు చెప్పారు బాబూ?’ అని అవతలి లాయరు మెత్తగా అడిగించాడు. ‘మా మావయ్య’ అన్నాడు వాడు. చొక్కా చివర మెలిపెడుతూ, అందరూ ఎందుకు తన వంకే చూస్తున్నారో తెలియక నిలబడిపోయాడు. జరిగింది నిజమే. కానీ ఆ ఒక్క మాట పట్టుకుని అవతలి పక్షం ఎంతసేపు వాదించిందో! మీ మనవరాలు ‘గుర్తులేదు’ అన్నా కొంప మునగదు. తేదీ తెలియకపోతే ‘సంక్రాంతి సెలవుల్లో’ అనొచ్చు. వాయిదాకి ఒకరోజు ముందు స్పెషల్ పీపీ గారిని కలవండి. ప్రభుత్వం తరఫున కేసు నడిపేది ఆయనే.

బోను గురించి బెంగ వద్దు. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం సాక్ష్యమిచ్చేటప్పుడు వాడు పిల్ల కంటపడకూడదు. మధ్యలో తెరైనా కడతారు, వీడియోలోనైనా అడుగుతారు. లాయర్లు నేరుగా పిల్లని ప్రశ్నించకూడదు, జడ్జిగారికి చెబితే ఆయనే అడుగుతారు. బయటివాళ్లని లోపలికి రానివ్వరు. పిల్లకి నమ్మకమైన మనిషిగా మీరు పక్కన కూర్చోవచ్చు. అలసిపోతే కాసేపు ఆపమని అడగండి, ఆపాలి. మరి బయట వరండాలో వాడు ఎదురుపడితే? అది మాత్రం మీరు చూసుకోవాలి. వెళ్లగానే కోర్టు కానిస్టేబుల్‌కి చెప్పి వేరేచోట కూర్చోండి.

రాజీ మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. ఇది రాజీ పడదగ్గ నేరం కాదు. మీరు డబ్బు పుచ్చుకున్నా కేసు నడుస్తుంది, నోరు మూసుకోవాల్సి వచ్చేది మాత్రం పిల్లే. నిజంగా డబ్బు అవసరమైతే పరిహారం ఇప్పించే అధికారం ప్రత్యేక కోర్టుకి ఉంది, తీర్పు దాకా ఆగకుండా మధ్యలో కూడా. జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళితే లాయర్ని ఉచితంగా ఇస్తారు, ఆడవాళ్లకీ పిల్లలకీ ఆదాయంతో పనిలేదు. ఫోను 15100. అబద్ధం చెప్పమని ఎవరైనా బెదిరిస్తే అదే ఇంకో నేరం, ఏడేళ్ల దాకా జైలు. ఆ మాట పెద్దమనుషుల చెవిన వేయండి.

మీ ఉత్తరంలో ఊరి పేరు, పిల్ల పేరు నేనే కొట్టేశాను. పక్కింటి కుర్రాడికి కూడా గట్టిగా చెప్పండి, ఎక్కడా నోరు జారకూడదని.

ఆ రోజు ఆధార్ కార్డు, సమన్లు పట్టుకెళ్లండి. నీళ్ల సీసా, బిస్కెట్ ప్యాకెట్ సంచిలో వేసుకోండి. పది గంటలకి వెళ్లినా మధ్యాహ్నం దాకా పిలుపు రాకపోవచ్చు. తిరిగొచ్చేటప్పుడు సాక్షి బత్తా గురించి అడగడం మర్చిపోకండి. మొహమాటం వద్దు, అది మీకు రావలసిన బస్సు చార్జీ.