బొటనవేలు జివ్వుమంటే కత్తెర దించు

చిట్టితల్లీ,

మల్కాజిగిరి ఇంట్లోనే జాకెట్లు కుట్టే షాపు పెడుతున్నావని, శ్రావణానికి అప్పుడే నలభై ఒప్పుకున్నావని మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. పక్కింటావిడకి చెప్పి మురిసిపోయాను. ఫోన్ పెట్టేసేముందు మీ అమ్మ ఇంకో ముక్క అంది, బొటనవేలి మొదట్లో నొప్పంటోంది, బామ్ రాసుకుంటోంది అని. ఇక రాత్రి నిద్ర పడితే ఒట్టు.

షాపు సంగతులు నీకు తెలిసినవే. సగం డబ్బు అడ్వాన్సు తీసుకో. లైనింగ్ తడిపి ఆరేశాకే కత్తిరించు. అంతే.

చెయ్యి సంగతి చెప్తా విను. 1998 శ్రావణం, చిక్కడపల్లిలో అద్దె గది. పొద్దున్నుంచి రాత్రిదాకా కత్తెర పట్టేదాన్ని. మణికట్టుకి బొటనవేలి వైపు జివ్వుమని లాగేది. నరం పట్టేసిందన్నారు అందరూ, నేనూ నమ్మాను. వేడి తైలం పోసి, వేలు పట్టుకుని లాగించుకుని, రోజూ రుద్దించుకున్నాను. పైగా మణికట్టుకి గుడ్డ చుట్టి, బొటనవేలు మాత్రం బయటికి వదిలేశాను, కత్తెర పట్టాలి కదా! నొప్పి ఎక్కడుందో దాన్నే వదిలేసి పక్కన కట్టు కట్టుకున్నానన్నమాట. వాపొచ్చింది. అయినా రెండు నెలలు ఆపలేదు. డబ్బాశ అనుకో, మొండితనం అనుకో.

నీకప్పుడు ఆరో నెల. నిన్ను నా దగ్గర వదిలి మీ అమ్మ ఆఫీసుకి వెళ్ళేది. ఒకరోజు కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోసి, చంకల కింద చేతులేసి పైకెత్తాను. కలుక్కుమంది. పట్టు జారిపోయింది. నువ్వు మళ్ళీ నా ఒళ్ళోనే పడ్డావు కాబట్టి సరిపోయింది. నువ్వు నవ్వావు, నేను ఏడ్చాను. ఇది మీ అమ్మకి ఇప్పటికీ తెలియదు, చెప్పకు.

మర్నాడే ఎముకల డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. బొటనవేలు లోపలికి ముడిచి పిడికిలి పట్టించి, చిటికెన వేలి వైపు మణికట్టు వంచాడు. కేక పెట్టాను. అది నరం కాదట, బొటనవేలి కండని ఎముకకి కట్టే రెండు తాళ్ళట. లంగా బొందు దూర్చేచోటు బిగుతుగా కుడితే బొందు లాగినప్పుడల్లా పట్టేస్తుంది చూడు, అలాగే ఆ రెండు తాళ్ళ ఒర మందమై బిగుసుకుపోతుందట. స్విట్జర్లాండ్ సర్జన్ డీ కర్వేన్ 1895లో దీని గురించి రాశాడని, జబ్బుకి ఆయన పేరే పెట్టారని చెప్పాడు. బాలింతల్లో ఇది మామూలేనట. ఎత్తుకోవడం, దించడం, రోజంతా అదే పని కదా.

అందుకే నీ మీద బెంగ. నీకు కత్తెరా ఉంది, పసివాడూ ఉన్నాడు!

వాణ్ణి ఎత్తేటప్పుడు బొటనవేళ్ళు చాపి చంకల కింద పట్టకు. ఒక అరచెయ్యి పిరుదుల కింద, ఒకటి వీపు కింద పెట్టి, మణికట్టు వంచకుండా లేవనెత్తు. బొటనవేలిని కూడా పట్టి ఉంచే స్ప్లింట్ కొనుక్కో, మణికట్టు పట్టీ ఒక్కటీ చాలదు. కత్తెర సానపట్టించు, మొద్దు కత్తెర చేతిని తినేస్తుంది. రాత్రుళ్ళు పాలిస్తూ బొటనవేలితో ఫోన్ గీకడం కూడా మానాలమ్మా. పాలిచ్చేదానివి, నొప్పి మాత్రలు డాక్టర్ని అడక్కుండా వేసుకోకు.

కొన్ని వారాల్లో తగ్గకపోతే స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేస్తారు. పోయినేడు ఎడమ చేతికొస్తే నేనూ చేయించుకున్నాను. తగ్గింది కానీ షుగర్ నాలుగు రోజులు ఎగబాకింది. దానికీ లొంగకపోతే చిన్న ఆపరేషన్‌తో ఆ ఒరని విప్పుతారు. రాత్రుళ్ళు వేళ్ళు తిమ్మిరెక్కితే అది వేరే జబ్బు కావచ్చు, అదీ చెప్పు డాక్టరుకి. ఎర్రబడి జ్వరమొస్తే మాత్రం ఆ రోజే వెళ్ళు.

నలభైలో ఇరవై వెనక్కిచ్చెయ్. తిడతారు, తిట్టనీ.

ఆదివారం వస్తున్నాను. పిల్లాడికి నీళ్ళు నేను పోస్తాను.

మీ పెద్దమ్మ