కింది సెట్టు లేస్తోంది, పేస్టు పెంచితే చాలా?

కట్టుడు పళ్ల గురించి పాఠకులు అడిగినవాటికి దంతవైద్య నిపుణుల జవాబులు

ప్రశ్న: మా నాయనకు 71 ఏళ్లు, షుగర్ ఉంది. పైకీ కిందికీ పళ్ల సెట్టు కట్టించి నాలుగేళ్లయింది. పైది కదలదు. కిందిది రెండు ముద్దలు తినేలోపే లేస్తుంది. సెట్టును చిగురుకు అంటించే పేస్టు రోజుకు మూడుసార్లు పూస్తున్నాం. ఇంతకన్నా గట్టిగా పట్టే పేస్టు ఉందా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: గట్టి పేస్టు కోసం వెతకొద్దమ్మా. సెట్టును పట్టి ఉంచేది పేస్టు కాదు. తడి చేసిన రెండు గాజు పలకలను ఒకదానిమీద ఒకటి పెట్టి పైకి లాగండి. పక్కకు జరుగుతాయిగానీ విడిపోవు. పై సెట్టు నిలిచేదీ అలాగే. అంగిలికీ సెట్టుకూ మధ్య పల్చటి ఉమ్మి పొర ఉండాలి, చుట్టూ అంచు గాలి దూరకుండా మూసుకోవాలి. వెనక అంచు సరిగ్గా గట్టి అంగిలి ముగిసి మెత్తటి అంగిలి మొదలయ్యే చోట ఆగాలి. ముందు పళ్లను వేలితో బయటికి నెట్టినప్పుడు వెనకభాగం జారిందంటే అక్కడ సందు ఉన్నట్టే.

కింది సెట్టుకు ఈ వెసులుబాటు లేదు. మధ్యలో నాలుక ఉంటుంది కాబట్టి అది వంపు తిరిగిన సన్నటి పట్టీలా మిగులుతుంది. చిగురును ఆనుకునే చోటు పైదానిలో దాదాపు సగమే. దాన్ని అదిమి ఉంచాల్సింది నాలుక, బుగ్గలు, పెదవి. అందుకే నాలుకను వెనక్కి లాక్కునే అలవాటుంటే ఎంత మంచి సెట్టయినా తేలుతుంది. నోరు కాస్త తెరిచినప్పుడు నాలుక కొన కింది ముందు పళ్ల వెనక ఆనేలా నాయనచేత సాధన చేయించండి. ముద్దను సగం చేసి, రెండు వైపులా ఒకేసారి నమలమనండి. జామకాయ, మామిడిపండు ముందు పళ్లతో కొరకకుండా ముక్కలు కోసివ్వండి.

అసలు కారణం మాత్రం ఎముక. పళ్లు పోయాక దవడ ఎముక అరుగుతూనే ఉంటుంది, కింది దవడలో మరీ ఎక్కువ. సెట్టు వాడేవారిని 25 ఏళ్లపాటు గమనించి 1972లో ప్రచురించిన అధ్యయనంలో కింది ఎముక పైదానికన్నా సుమారు నాలుగు రెట్లు ఎక్కువగా అరిగింది. నాలుగేళ్ల కిందటి చిగురుకు కుదిరిన సెట్టు ఇప్పటి చిగురుకు కుదరదు. ఆ సందును పేస్టుతో నింపుతుంటే సెట్టు ఊగుతూ ఎముకను ఇంకా అరగదీస్తుంది. డాక్టరు దగ్గర లోపలివైపు కొత్త పొర వేయించండి, దాన్ని రీలైనింగ్ అంటారు. పళ్లు అరిగిపోయి పైవీ కిందివీ సరిగా ఆనకపోతే కొత్త సెట్టే మేలు. స్తోమత ఉంటే, ఆరోగ్యం అనుకూలిస్తే, కింది దవడ ముందుభాగంలో రెండు ఇంప్లాంట్లు (ఎముకలో బిగించే చిన్న మరలు) పెట్టి సెట్టును వాటికి తగిలించవచ్చు. కింది దవడకు మొదట ఎంచుకోవాల్సింది ఇదేనని 2002లో కెనడాలోని మెగిల్ విశ్వవిద్యాలయంలో సమావేశమైన నిపుణులు తేల్చారు.

పేస్టు తప్పనిసరైతే రోజుకు ఒక్కసారే. కడిగిన సెట్టులో బఠాణీ గింజంత చుక్కలు మూడు, దూరదూరంగా. అంచునుంచి పేస్టు కారిందంటే ఎక్కువైనట్టే. జింక్ లేనిదే కొనండి. జింక్ ఉన్నది నెలల తరబడి అతిగా వాడితే ఒంట్లో రాగి తగ్గి నరాలు దెబ్బతింటాయి, కాళ్లు తిమ్మిరెక్కుతాయి. షుగర్ ఉన్నవాళ్లింట్లో దాన్ని షుగర్ తిమ్మిరి అనుకుని వదిలేసే ప్రమాదం ఉంది.

ప్రశ్న: కొత్త సెట్టు పెట్టి వారం. కింద నాలుకవైపు పుండు పడింది. తీసి పెట్టెలో పెట్టేశాను. ఉప్పుకాగితంతో అంచు రుద్దుకోవచ్చా?
– ఒక పాఠకుడు, పుత్తూరు

జవాబు: రుద్దకండి. అర మిల్లీమీటరు ఎక్కువ పోయినా అంచు మూత పోయి సెట్టు వదులవుతుంది. డాక్టరు దగ్గరికి వెళ్లే ముందురోజు నుంచి ఓర్చుకుని పెట్టుకోండి. చిగురుమీద ఒరుసుకున్న గుర్తు ఉంటేనే సెట్టులో ఎక్కడ తగ్గించాలో ఆయనకు తెలుస్తుంది. మొదటి నెలలో రెండు మూడుసార్లు ఇలా సరిచేయించుకోవడం మామూలే. సరిచేశాక కూడా రెండు వారాల్లో మానని పుండును తప్పక చూపించాలి.

అందాకా మెత్తటి తిండి. రాగి సంగటి నమిలే పనే లేదు, పప్పుతోనో పులుసుతోనో మింగేయొచ్చు. తిరుమల లడ్డూ అయితే చేత్తో చిదిమి, కలకండ పలుకులు ఏరేసి తినండి. ఒక్క పలుకు సెట్టు కింద దూరితే నమిలినంతసేపూ గుచ్చుతుంది. బీపీ, ఎలర్జీ మాత్రల్లో కొన్ని నోరు ఎండేలా చేస్తాయి. ఉమ్మి లేకపోతే సెట్టు పట్టదు, చిగురూ ఒరుసుకుపోతుంది. సెట్టు తడిపి పెట్టుకోండి, గుటకగుటకగా నీళ్లు తాగుతుండండి.

ప్రశ్న: రాత్రిపూట తీయాలా? వేణ్ణీళ్లలో వేస్తే శుభ్రమవుతుందా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: తీయాలి. ఆరేడు గంటలైనా చిగురుకు ఊపిరి సలపనివ్వాలి. సెట్టు మునిగేలా మామూలు చన్నీళ్లలో ఉంచండి. మరిగే నీళ్లలో వేస్తే వంకర పోతుంది, మళ్లీ సరికాదు. పళ్లపొడి, టూత్‌పేస్టు, బొగ్గు గీతలు పెడతాయి. మెత్తటి బ్రష్, గిన్నెలు తోమే లిక్విడ్ చాలు. కింద బకెట్లో నీళ్లుంచుకుని తోమితే చెయ్యి జారినా పగలదు. పై సెట్టు కింద అంగిలి ఎర్రబడితే అది సాధారణంగా ఫంగస్. చాలామందికి నొప్పి ఉండదు కాబట్టి నెలకోసారి టార్చి వేసి చూడమని ఇంట్లోవాళ్లకు చెప్పండి.