అలీయే గెలుస్తాడు, కానీ ముందు రిఫరీ ఎవరో చెప్పండి

1966 నాటి బాక్సర్ మహమ్మద్ అలీ, 1988 నాటి మైక్ టైసన్ ఒకే రింగులోకి దిగితే ఎవరు గెలుస్తారు, ఇప్పటి భారీకాయుల ముందు పాతకాలం ఛాంపియన్లు నిలుస్తారా అని అడిగారు. నేను పెద్ద బాక్సర్నేమీ కాదు. కర్నూలులో డిగ్రీ చదివేటప్పుడు మూడేళ్లు పొద్దున్నే గ్లవ్స్ తొడిగాను, జిల్లా పోటీలు దాటలేదు. బరువు అరవై కేజీలు. కానీ ప్రాక్టీసయ్యాక ఉగ్గాని, బజ్జీ తింటూ ఈ వాదన మాత్రం లెక్కలేనన్ని సార్లు చేశాం.

మా బ్యాచ్ అంతా టైసన్ పార్టీయే. 1988 జూన్‌లో మైకేల్ స్పింక్స్‌ను 91 సెకన్లలో పడగొట్టిన ఫైట్‌ను సీడీ గీతలు పడేదాకా చూసినవాళ్లం. అలీ తరఫున మాట్లాడేది మా మాస్టర్ ఒక్కరే. ఆర్మీలో బాక్సింగ్ ఆడి రిటైరై వచ్చిన మనిషి. అప్పటికే యాభై దగ్గర పడ్డాయి, పొట్ట వచ్చింది, మోకాలికి ఎప్పుడూ క్రేప్ బ్యాండేజీ ఉండేది. ఒకరోజు మా వాగుడు విని విసుగొచ్చి, "దాప్పా, నువ్వే టైసన్ అనుకో" అని నన్ను పిలిచారు.

మొదటి రౌండు నాదే. వంగి దూరి మూడు నాలుగు దెబ్బలు తగిలించాను, మావాళ్లు ఈలలు. రెండో రౌండులో మళ్లీ అలాగే దూరాను. ఆయన ఎడమ చెయ్యి నా మెడ వెనక పడింది. నెట్టలేదు, కొట్టలేదు, ఊరికే ఆనుకున్నారంతే. మెడ మీద బియ్యం మూట పెట్టినట్టుంది. నాకు కనబడేది ఆయన బూట్లే. తల ఎత్తబోతే ఇంకాస్త బరువేశారు. తర్వాత ఆయనే వదిలి, ముక్కు మీద ఒక జాబ్, అంటే చెయ్యి నేరుగా చాచి కొట్టే దెబ్బ. దూరినప్పుడల్లా ఇదే. నాలుగోసారికి నా పిక్కలు వణుకుతున్నాయి. "ఏమప్పా టైసనూ, నీళ్లు కావల్నా?" అన్నారు చెవిలో. ఆ రోజు దెబ్బలేమీ నొప్పి పుట్టలేదు. రెండు రోజులు మెడ మాత్రం తిరగలేదు.

ఆ తర్వాత అలీ ఫైట్లు చూస్తే వేరేగా కనిపించాయి. 1974 జనవరిలో ఫ్రేజియర్‌తో రెండోసారి ఆడినప్పుడు అలీ చేసింది సగం ఇదే, మెడ పట్టి కిందికి లాగడం. అదే ఏడాది అక్టోబరులో కిన్షాసాలో ఫోర్‌మన్‌ను ఎనిమిదో రౌండులో పడగొట్టాడు. అందరూ తాళ్లకు ఆనుకుని దెబ్బలు కాచుకోవడం గురించే చెప్తారు. దగ్గరికొచ్చిన ప్రతిసారీ ఫోర్‌మన్ తల మీద పడిన బరువును ఎవరూ లెక్కెయ్యరు. హైలైట్స్‌లో అది ఉండదు మరి.

ఇప్పుడు టైసన్ సంగతి. 1987లో జేమ్స్ స్మిత్ అనే ఆరడుగుల నాలుగంగుళాల మనిషి టైసన్‌ను పన్నెండు రౌండ్లూ పట్టుకునే ఉన్నాడు. ఫైట్ చిత్తుగా ఓడాడు, చూడ్డానికి పరమ బోరు, కానీ పడిపోలేదు. పట్టుకోవడం ఒక్కటే తెలిసినవాడే అలా నెగ్గుకొస్తే, పట్టుకుని, వదిలి, కొట్టడం కూడా తెలిసినవాడైతే? 1990 ఫిబ్రవరిలో టోక్యోలో జరిగింది అదే. బస్టర్ డగ్లస్ చేతుల చాపు 83 అంగుళాలు, టైసన్‌ది 71. దూరంలో జాబ్, దగ్గరైతే పట్టు, పదో రౌండులో నాకౌట్. ఆనాటి టైసన్ సరిగ్గా ప్రిపేర్ కాలేదన్నది నిజమే, అందుకే మీరు 1988 అని పెట్టారనుకుంటా, తెలివైన పని.

టైసన్ వైపూ ఒక మాట చెప్పాలి. అలీ చేతులు కిందికి దించి, తల నిటారుగా వెనక్కి లాగుతాడు. ఎడమ హుక్‌కు, అంటే పక్కనుంచి వంపుగా వచ్చే దెబ్బకు, అంతకన్నా మంచి అవకాశం ఉండదు. 1963లో హెన్రీ కూపర్, 1971లో ఫ్రేజియర్, ఇద్దరూ దాంతోనే అతన్ని కింద కూర్చోబెట్టారు. టైసన్ హుక్ వాళ్లకేం తీసిపోదు. కాబట్టి మొదటి నాలుగు రౌండ్లు నేనైతే టెన్షన్‌తో చస్తాను. అవి గడిస్తే అలీయే, పది పదకొండు రౌండ్లలో ఆపేస్తారు. పాత పద్ధతిలో పదిహేను రౌండ్లు పెడితే ఇక అనుమానమే లేదు. కానీ మెడ వెనక పట్టుకోవడం రూల్ ప్రకారం ఫౌల్. రిఫరీ కచ్చితంగా పాయింట్లు కోసేవాడైతే నా లెక్క తారుమారు.

అన్నట్టు, టైసన్‌కు అసలు గండం అలీ కాదు, 1973 నాటి ఫోర్‌మన్. టైసన్ లాగే పొట్టిగా ఉండి వంగి ముందుకొచ్చే ఫ్రేజియర్‌ను కింగ్‌స్టన్‌లో రెండు రౌండ్లలో ఆరుసార్లు పడేశాడు. ఇదంటే మావాళ్లు బజ్జీ ప్లేటు లాక్కునేవాళ్లు.

ఇక భారీకాయుల విషయం. 1919లో సుమారు 85 కేజీల డెంప్సీ, 111 కేజీల విల్లర్డ్‌ను ఒక్క రౌండులోనే ఏడుసార్లు పడేశాడు. కానీ పడినవాడు లేస్తుంటే పక్కనే నిలబడి కొట్టాడు, పడేసినవాడు దూరంగా మూలకెళ్లి నిలబడాలనే న్యూట్రల్ కార్నర్ రూల్ అప్పట్లో లేదు. ఇవాళ ఆ ఆట సాగదు. అలాగని ఎత్తే సర్వస్వం కాదు. 2024 మేలో రియాద్‌లో ఆరడుగుల మూడంగుళాల ఉసిక్, ఆరడుగుల తొమ్మిదంగుళాల ఫ్యూరీని పాయింట్లతో గెలిచాడు. పాతకాలం ఛాంపియన్ మార్సియానో ఒక్కడే ఇప్పటివాళ్ల ముందు నిలుస్తాడని చెప్పడానికి నాకు ధైర్యం చాలదు. 49 ఫైట్లూ గెలిచిన మహానుభావుడే, కానీ 85 కేజీల దగ్గర ఉండేవాడు, ఇప్పుడైతే హెవీవెయిట్ కంటే తక్కువ బరువువాళ్ల తరగతైన క్రూజర్‌వెయిట్‌లో ఆడేవాడు.

1969లో మార్సియానోనీ అలీనీ కెమెరా ముందు ఆడించి, ఫలితం కంప్యూటర్ చెప్పిందన్నారు. అమెరికాలో మార్సియానో గెలిచినట్టు చూపించారు, యూరప్‌లో అలీ గెలిచినట్టు! మా వైపు బండలాగుడు పోటీల దగ్గర పెద్దవాళ్లు "ఆ కాలం ఎద్దులే వేరు" అని వాదించుకుంటారు. వాళ్ల వాదనకు కనీసం కొలత ఉంది: బండ ఉంది, టైముంది, లాగింది ఎన్ని అడుగులో టేపు పెట్టి చూడొచ్చు. బండ తిరిగి కొట్టదు కదా.

చాలా రోజుల తర్వాత మాస్టర్‌ను అడిగాను, "సార్, ఆ రోజు రిఫరీ ఉండుంటే మిమ్మల్ని డిస్‌క్వాలిఫై చేసేవాడు కదా" అని. ఆయన బ్యాండేజీ బిగించుకుంటూ, "అందుకే ఎవర్నీ పెట్టలేదప్పా" అన్నారు.