నావ దిగువకు తరలే ముందు వేసుకోవాల్సిన లెక్క

కోటిపల్లి రేవు దగ్గర గౌతమి గోదావరి మీద నావలోనే కాపురముంటున్న ఒక చెల్లెమ్మ రాశారు. భర్త, నాలుగో తరగతి పాప, రెండేళ్ల బాబు, అందరికీ ఆ నావే ఇల్లు. వరద తీసింది కాబట్టి రొయ్యల వేటకు యానాం వైపు దిగిపోవాలి. దానికి ముందు రెండు పలకలు మార్చి, తారు పూయించి, ఇంజన్ బాగు చేయించాలి. మొత్తం 38,000 రూపాయలవుతుంది, చేతిలో 14,000 ఉన్నాయి. సావుకారు వడ్డీ లేకుండా 40,000 అడ్వాన్సు ఇస్తానంటున్నారట. రొయ్యలు మాత్రం ఆయనకే వేయాలి, అదీ కిలోకి మార్కెట్ రేటు కన్నా 20 రూపాయలు తక్కువకు. "అది తీసుకోమంటారా, నా రెండు కాసుల గొలుసు తాకట్టు పెట్టమంటారా, పాప సుకన్య ఖాతా మూసేయమంటారా?" అని అడిగారు.

చెల్లెమ్మా, ముందు మీ లెక్కలో ఒక ఖర్చు తప్పిపోయింది. బాగు చేయడానికి నావను గట్టు మీదకు లాగిన రోజున మీ ఇల్లూ, వేటా రెండూ ఆగిపోతాయి. పలకల సందుల్లో నూలు కూరి, తారు ఆరేదాకా పన్నెండు రోజులు పడుతుందని మీరే రాశారు. ప్రయాణానికి ఇంకో రెండు రోజులు. రోజుకి మీకు మిగిలేది 700 అనుకుంటే దాదాపు 10,000 రాకుండా పోతుంది, గట్టు మీద టార్పాలిన్ కింద ఉన్నా పొయ్యి మాత్రం వెలగాలి కదా. అంటే మీకు కావలసింది 48,000. తక్కువ పడేది 24,000 కాదు, 34,000.

ఇక సావుకారు "వడ్డీ లేని" డబ్బు. రోజుకి 8 కిలోలు పడి, నెలలో 22 రోజులు వేట సాగితే, కిలోకి 20 చొప్పున నెలకు 3,520 రూపాయలు ఆయనకు పోతాయి. ఆరు నెలలకు 21,120. అసలు 40,000 అలాగే ఉంటుంది! అదే బ్యాంకులో గొలుసు పెట్టి 35,000 తెచ్చుకుంటే, వందకు నెలకు రూపాయి వడ్డీ వేసుకున్నా ఆరు నెలలకు అయ్యేది 2,100. సావుకారుకు పోవాల్సిన ఆ 3,520నే నెలనెలా బ్యాంకులో కడితే, వేట సాగే పదకొండు నెలల్లో గొలుసు విడిపించుకోవచ్చు. కాబట్టి నా మాట గొలుసు తాకట్టే. ప్రైవేటు వడ్డీ కొట్లో కాదు, బ్యాంకులో.

మీ ఆయన సావుకారు వైపు ఎందుకు మొగ్గుతున్నారో నాకు అర్థమవుతుంది. అర్ధరాత్రి పిల్లాడికి జ్వరం వస్తే బ్యాంకు తలుపు తీయదు, సావుకారు తీస్తారు. అందుకే ఇంకో 5,000 కలిపి 40,000 తీసుకోండి. ఆ 5,000 మీ పోస్టాఫీసు ఖాతాలో ఉంచండి, జబ్బుకి తప్ప ముట్టుకోవద్దు. నెలకు ఓ 50 రూపాయల వడ్డీ పెరుగుతుంది, గొలుసు రావడానికి ఇంకో నెలన్నర పడుతుంది, అంతే.

పాప పేరున ఉన్న సుకన్య పొదుపు ఖాతా సంగతి మర్చిపోండి. పాపకు పద్దెనిమిదేళ్లు నిండడమో, పదో తరగతి పాసవడమో జరిగే దాకా మామూలుగా అందులోంచి డబ్బు తీయనివ్వరు. ఏడాదికి కనీసం 250 వేస్తూ ఉండండి.

మీరు అడగలేదు గానీ, లంగరు ఎక్కడ వేస్తారన్నదీ డబ్బు విషయమే. యానాం ఒడ్డు పుదుచ్చేరి కిందకి వస్తుంది, ఎదురుగా ఎదుర్లంక మన ఆంధ్రాది. రేషన్ దేశంలో ఎక్కడైనా తీసుకోవచ్చు. మత్స్యశాఖ పథకాలు, పాప బడి మాత్రం అలా కాదు. ఎదుర్లంక వైపే ఉండి, కోటిపల్లి వదిలేముందే బడిలో టీసీ తీసుకోండి. బడికెళ్లే పిల్లల తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం కింద మీ ఖాతాలో పడే 13,000కి 75 శాతం హాజరు చూస్తారు. నావ గట్టు మీద ఉన్న పన్నెండు రోజులూ పాపను బడికి పంపండి.

బాబు నీళ్లలో పడిపోకుండా నడుముకి తాడు కట్టి గూడు గుంజకు ముడేస్తున్నానని రాశారు. ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. పిల్లాడికి తాడు ఉంది, మీ ఇద్దరికీ ఏముంది? ఏడాదికి 20 రూపాయలకే బ్యాంకులో 2 లక్షల ప్రమాద బీమా వస్తుంది, 436 రూపాయలకు ఇంకో 2 లక్షల జీవిత బీమా. ఇద్దరి పేరునా రెండూ చేయించండి. మత్స్యకారులకు ప్రభుత్వమే ప్రీమియం కట్టే 5 లక్షల ప్రమాద బీమా కూడా ఉంది. అందులో మీ పేర్లు ఉన్నాయో లేదో మత్స్యశాఖ వాళ్లని అడగండి. అదే బ్యాంకులో మత్స్యకారుల కిసాన్ క్రెడిట్ కార్డుకీ అర్జీ పెట్టండి. ఈసారికి అందకపోవచ్చు గానీ, సకాలంలో కడితే దాని మీద అప్పు ఏడాదికి 4 శాతం వడ్డీకే వస్తుంది కాబట్టి వచ్చే ఏడాది వలలకు పనికొస్తుంది.

బ్యాంకుకి ఇద్దరూ కలిసి వెళ్లండి. గొలుసు మీది, లోన్ మీ పేరు మీదే రాయించుకోండి. రసీదును పాలిథిన్ కవర్లో చుట్టి, ఆధార్ కార్డులతో పాటు బియ్యం డబ్బాలో అడుగున పెట్టుకోండి.